పటమును దగ్గరకు తెచ్చుట, ప్రక్కకు జరుపుట

జహీరాబాదు ఎక్కడ నున్నదని నేడు అడిగినచో, బడిపిల్లవాడైనను ఫోను తీసి చూపగలడు. గాజుతెరమీద మొదట భారతదేశ మంతయు కనబడును. రెండు వ్రేళ్లను తెరపై ఆనించి యెడముగా జరిపినచో దేశము పెరిగి తెలంగాణ మగును. మఱల జరిపినచో సంగారెడ్డి జిల్లా యగును. ఇంకను జరిపినచో హైదరాబాదునుండి బొంబాయికి పోవు రహదారియు, రైలుకట్టయు, తుదకు ఇండ్లకప్పులును కానవచ్చును. పిమ్మట ఒక వ్రేలితో తెరను ప్రక్కకు లాగినచో, చూపు మెల్లగా బీదరు వైపునకు సాగిపోవును. మొదటి చేష్టకు జూమ్ అనియు, రెండవ చేష్టకు పాన్ అనియు పేర్లు. కంప్యూటరుపై ఇండ్ల నమూనాలను, పుస్తకముల పుటలను, యంత్రముల భాగములను గీయువారికి ఈ రెండును లేక ఒక్క గడియయు గడవదు.

ఇవి నిన్న మొన్న పుట్టిన చేష్టలని తోచుట సహజము. కాని దూరమునుండి చూచినదియు, దగ్గరనుండి చూచినదియు ఒకే నేల యని నమ్ముటకు, ఆ రెంటిని కలుపు కొలత యొకటి ముందుగా ఉండవలెను. ఆ కొలత మన దక్కనులో ఎట్లు కుదిరినదో, జహీరాబాదు ప్రాంతమున కది ఎంత సమీపమునుండి నడచినదో, దానివలన మనకు తెలిసినదేమి, ఇంకను తెలియక జారిపోవుచున్నదేమి యను విషయములను ఈ ప్రసంగమున మనవి చేయుదును.

కొలతపటములు అరుదుగా నున్న కాలమున గూడ నేలను చూచు చూపు మనవారికి లేకపోలేదు. రాజులు అగ్రహారములను దానము చేసినపుడు శాసనముల తుదిని ఎల్లలను చెప్పుచుండిరి. తూర్పున చింతచెట్టు, దక్షిణమున పుట్ట, పడమట వాగు, ఉత్తరమున చెఱువుకట్ట, ఈ రీతిగా నా వర్ణనము సాగును. అది మిక్కిలి దగ్గరి చూపు. దాని సాయమున ఊరివాడు తన పొలిమేరను చీకటిలోనైనను పట్టుకొనగలడు. కాని ఆ యూరు గోలకొండకు ఎన్ని కోసుల దూరమున, ఏ దిక్కున నున్నదో ఆ శాసనము చెప్పదు.

మఱియొక వైపున మొగలాయి దొరతనమునందును, అసఫ్‌జాహీల దొరతనమునందును దఫ్తరులలో సుబాలు, సర్కారులు, పరగణాలు, వాని జమాలు వరుసగా వ్రాయబడుచుండెను. అది మిక్కిలి దూరపు చూపు. ఆ లెక్కలలో బీదరు ఒక సుబా పేరుగను, రూపాయల మొత్తముగను కనబడును గాని చింతచెట్టు కనబడదు. చింతచెట్టునుండి సుబా వఱకు ఎక్కుటకు నడుమ మెట్లు లేవు.

18వ శతాబ్దపు చివరి దశకమున నిజాము రాజ్యమునందు సర్వే పనిలో నుండిన కాలిన్ మెకంజీ ఈ మెట్లను కట్టుటకు ప్రయత్నించినవారిలో ముఖ్యుడు. ఆయన గీతలు మాత్రమే గీయించి ఊరకుండలేదు. కావలి వెంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య మొదలగు మన పండితుల సహాయమున శాసనములను, ఊరి కైఫీయతులను కూడ సేకరింపజేసెను. ఊరి కథను ఊరివారి నోటనే వినవలెనని ఆయన యెఱిగియుండెను. 1815లో ఆయన భారతదేశమునకు మొదటి సర్వేయరు జనరలుగా నియమింపబడెను.

అదే 1815వ సంవత్సరమున మన ప్రాంతమునందు మఱియొక పని జరిగెను. దానిని తెలిసికొనుటకు పదుమూడేండ్లు వెనుకకు పోవలెను.

1802 ఏప్రిల్ నెలలో విలియం లాంబ్టన్ అను సైనికోద్యోగి మద్రాసు చెంత, పరంగికొండ దగ్గర, సుమారు ఏడున్నర మైళ్ల పొడవుగల యొక తిన్నని రేఖను నూఱడుగుల ఉక్కుగొలుసుతో కొలుచుట కారంభించెను. దీనిని ఆధారరేఖ యందురు. త్రిభుజమునందు ఒక భుజమును, దాని కొనలయందలి రెండు కోణములును తెలిసినచో, తక్కిన రెండు భుజములను నడచి కొలువ నక్కఱలేదు. అవి లెక్కవలననే తేలును. అట్లు తేలిన భుజముమీద మఱియొక త్రిభుజమును, దానిమీద ఇంకొక దానిని నిలుపుచు, కొండనుండి కొండకు, గోపురమునుండి గోపురమునకు పోవచ్చును. కోణములను కొలుచుటకు లాంబ్టన్ వాడిన థియొడొలైటు అను యంత్రము బరువు సుమారు అరటన్ను. 1808లో దానిని తంజావూరు గుడిగోపురముపైకి ఎక్కించుచుండగా గోడకు తాకి చెడిపోయెను. ఆయన నిరాశ చెందక దానిని తానే సరిచేసికొనెను.

ఈ త్రిభుజమాల కన్యాకుమారి ప్రాంతమునుండి తూర్పు రేఖాంశము 78 డిగ్రీల సమీపముననే ఉత్తరమునకు సాగి మన దక్కనునకు వచ్చెను. లెక్క ఎంత జాగరూకతతో చేసినను, దూరము పోయినకొలది లోపములు ప్రోగుపడును. అందుచే నడుమనడుమ మరల నేలమీద ఒక రేఖను కొలిచి, లెక్కచే వచ్చిన పొడవుతో సరిచూడవలెను. ఈ పరీక్షకు లాంబ్టన్ ఎన్నుకొన్న తావులలో నొకటి బీదరు ప్రాంతమునందలి దామరగిద్ద. 1815లో అచ్చట ఆధారరేఖ కొలువబడెను. దామరగిద్ద కేంద్రము ఉత్తర అక్షాంశము సుమారు 18 డిగ్రీల 3 నిమిషములు. జహీరాబాదు సుమారు 17 డిగ్రీల 41 నిమిషములు. అనగా దామరగిద్ద మన జహీరాబాదునకు ఉత్తరముగా సుమారు 40 కిలోమీటర్ల దూరమున నున్నదన్నమాట. భూగోళపు ఆకారమునే విచారించుటకు ఉపయోగపడిన యొక మహాచాపము కొంతకాలము ఈ తావుననే ముగిసియుండెను. తరువాతి చాపము ఇచ్చటినుండియే బయలుదేరెను.

ఈ మహాకార్యమునకు 1818లో గ్రేట్ ట్రిగొనొమెట్రికల్ సర్వే యను పేరు వచ్చెను. ఆ యేటనే జార్జి ఎవరెస్టు లాంబ్టనునకు సహాయకుడై హైదరాబాదు చేరెను. మరుసటి యేడు కృష్ణా గోదావరుల నడుమ నడవులలో పనిచేయుచు ఆయనయు, ఆయన పరివారమును విషజ్వరమున పడిరి. లాంబ్టన్ 1823లో హింగన్‌ఘాటునందు, పనిలో నుండగనే మరణించెను. 1841లో బీదరు ఆధారరేఖ మరల కొలువబడెను. ఈ మాఱు గొలుసు బదులుగా, ఇనుము ఇత్తడి కడ్డీలను జతపఱచి, ఎండవేడికి పొడవు మాఱకుండునట్లు చేసిన కొలకఱ్ఱలను వాడిరి. దొరల పేర్లు గ్రంథములలో నిలిచినవి. జెండాలు మోసినవారు, కొండలపై దీపములు పట్టినవారు, చూపునకు అడ్డమైన చెట్లు నఱకినవారు, వీరిలో నెందఱో పేరు మిగులకయే పోయిరి. అయినను పటమునందలి ప్రతి గీతయు వీరి చెమటపై నిలిచినదే.

ఈ త్రిభుజములవలన కలిగిన లాభమేమి? దేశమంతటికి నొక యెముకలగూడు ఏర్పడెను. ఆ గూటిలో సుబాయు, చింతచెట్టును ఒకే లెక్కలో ఇమిడినవి. అప్పుడు గాని పటమును దగ్గరకు తెచ్చుట యను మాటకు అర్థము కలుగలేదు.

తరువాతి కాలమున సర్వే ఆఫ్ ఇండియా వారు ఈ మెట్లను ఎంత చక్కగా అమర్చిరో జహీరాబాదు నుదాహరణముగ తీసికొని చూతము. నాలుగు డిగ్రీల పొడవును నాలుగు డిగ్రీల వెడల్పును గల ప్రదేశమును ఒక పెద్ద రేకుగా నేర్పఱచి దానికొక సంఖ్య నిచ్చిరి. జహీరాబాదు 56వ సంఖ్య రేకులోనిది. ఈ రేకున ఒక సెంటిమీటరు నేలమీద 10 కిలోమీటర్లకు సమానము. ఈ రేకును పదునాఱు గళ్లుగా చీల్చి ఒక్కొక్క గడికి ఆంగ్లాక్షరము నొకదానిని పేరుగా నుంచిరి. జహీరాబాదు జి యను గడిలో పడును. ఆ గడిని మరల పదునాఱుగా చీల్చి సంఖ్యలు వేసిరి. జహీరాబాదు పదవ దానిలో పడును. కనుక మన యూరి రేకు పేరు 56 జి 10. ఈ రేకున పూర్వము ఒక అంగుళము ఒక మైలునకును, మెట్రిక్ కొలతలు వచ్చిన పిమ్మట ఒక సెంటిమీటరు అర కిలోమీటరునకును సరిపోవునట్లు అచ్చువేయుచు వచ్చిరి.

ఈ పేరును ఎడమనుండి కుడికి చదువుటయే దగ్గరకు తెచ్చుట. 56 అనినపుడు దక్కనులో నొక పెద్దభాగము. జి అనినపుడు నాలుగైదు తాలూకాలు. 10 అనినపుడు మన యూరు, దాని వాగులు, దాని బాటలు. ఇక ప్రక్కకు జరుపుట ఎట్లు? 56 జి 10 రేకునకు ఉత్తరమున 56 జి 9 నుంచవలెను. దాని కుత్తరమున 56 ఎఫ్ 12 నుంచవలెను. ఈ మూడవ రేకులోనే దామరగిద్ద అక్షాంశ రేఖాంశములు పడును. మూడు కాగితములను అంచులు కలిపి నేలపై పఱచినచో, లాంబ్టను కొలిపించిన తావునుండి మన సంతవీధి వఱకు కూర్చున్నచోటనే చూపును నడిపింపవచ్చును. కాని కాగితమున కొక కష్టము కలదు. మనకు కావలసిన పల్లె నాలుగు రేకులు కలియు మూలలో పడినచో, నాలుగింటిని కొని, అంచులు కత్తిరించి, గుడ్డపై అతికించుకొనవలెను. చూపునకు అంచు లేదు, కాగితమునకు కలదు.

ఈ అంచును తొలగించుటకు మార్గము తెరమీద దొరకెను. 1963లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున ఇవాన్ సదర్లాండ్ స్కెచ్‌ప్యాడ్ అను చిత్రలేఖన కార్యక్రమమును కంప్యూటరుకొఱకు సిద్ధపఱచెను. వెలుగుకలముతో తెరమీద గీతలు గీయుట అందలి విశేషము. అంతకంటె మనకు ముఖ్యమైన విశేష మింకొకటి. తెర వేఱు, చిత్రము వేఱు. చిత్రము యంత్రపు జ్ఞాపకమున అంకెలుగా నుండును. తెర దానికొక కిటికీ వంటిది. మరలను త్రిప్పినచో కిటికీలోనుండి కనబడు భాగము పెద్దదగుటయు, ప్రక్కకు జరుగుటయు సంభవించును. చిత్రము మాత్రము తన కొలతను విడువదు. నేటి రూపకల్పన కార్యక్రమములందు మనము చేయు జూమ్, పాన్ చేష్టలకు ఇదియే మూలసూత్రము.

నేటి తెరపటములు ఈ సూత్రమునే పలకలుగా అమలుపఱచుచున్నవి. మొదటి మెట్టున ప్రపంచమంతయు ఒక చదరపు పలక. ఒక మెట్టు దిగినచో అది నాలుగు పలకలగును. మఱియొక మెట్టునకు పదునాఱు. పది మెట్లు దిగునప్పటికి పలకలు పది లక్షల నలువదెనిమిది వేలకు మించును. వీనిలో మన కిటికీకి ఎదురుగా నున్న కొన్నిటిని మాత్రమే యంత్రము తెప్పించును. మనము ప్రక్కకు జరిపినకొలది ఇరుగుపొరుగు పలకలను తెచ్చి అతికించును. చిత్ర మేమనగా, 56 అను రేకును పదునాఱుగా చీల్చుట రెండు మెట్లు దిగుటయే. జి యను గడిని పదునాఱుగా చీల్చుట మరల రెండు మెట్లు. కత్తెరయు, జిగురును లేక, అదే కాగితపు గళ్లను మనము నేడు వ్రేలితో దాటుచున్నాము. 2009 ఆగష్టులో మన ఇస్రో సంస్థ ఆరంభించిన భువన్ అను పటశాల, హైదరాబాదునందలి జాతీయ దూరసంవేదన కేంద్రమువారి చిత్రములతో ఈ విధముగనే మన దేశమును చూపుచున్నది. 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వమువారు పటములను తయారుచేయుటయందును, పంచుటయందును ఉండిన నిర్బంధములను చాలవఱకు సడలించిరి.

ఇంతవఱకు లాభము చెప్పితిని. ఇక జాగ్రత్త వహింపవలసిన చోట్లను చెప్పవలెను.

మొదటిది, పెద్దది చేసినంతమాత్రమున క్రొత్త సంగతి పుట్టదు. ఒక సెంటిమీటరునకు అర కిలోమీటరు లెక్కన గీసిన పటమున అర మిల్లీమీటరు లావుగల గీత నేలమీద 25 మీటర్లను కప్పును. ఆ గీతను తెరమీద చేరెడంత చేసినను అది 25 మీటర్లనే కప్పును. ఇద్దఱు రైతుల గట్టుతగవును అట్టి గీతతో తీర్చబోవుట అన్యాయము. అందుకు పొలముల సర్వేనంబర్లు చూపు గ్రామపటమును, నేలమీద హద్దురాళ్లును కావలెను. పటము ఏ దూరమునుండి కొలువబడినదో ఆ దూరపు సత్యమునే అది చెప్పగలదు.

రెండవది, పటమున కంచు గీసినవారు అంచునకు ఆవల చూడనీయరు. దీనికి జహీరాబాదు చరిత్రయే సాక్ష్యము. 1956 వఱకు జహీరాబాదు హైదరాబాదు రాష్ట్రమునందలి బీదరు జిల్లాలో నొక తాలూకా. ఆ యేడు నవంబరు 1వ తేదీని రాష్ట్రముల పునర్వ్యవస్థ జరిగినపుడు బీదరు జిల్లా మూడు రాష్ట్రముల నడుమ పంచబడెను. అహ్మదుపూరు, నిలంగ, ఉద్గీరు తాలూకాలు బొంబాయి రాష్ట్రమునకు పోయెను. నారాయణఖేడు తాలూకాయు, బీదరు తాలూకాలోని న్యాల్కల్ సర్కిలును, నిర్ణా సర్కిలు తప్ప తక్కిన జహీరాబాదు తాలూకాయు ఆంధ్రప్రదేశమున చేరెను. బీదరు, దానితో మిగిలిన భాగము మైసూరు రాష్ట్రమున చేరెను. పిమ్మట జహీరాబాదు మెదకు జిల్లాలో నుండెను. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రములోని దయ్యెను. 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లాలోని దయ్యెను. ఊరు కదలలేదు. 17 డిగ్రీల 41 నిమిషములు అట్లే యున్నవి. చుట్టు నున్న గీతలే జరిగినవి.

ఆ గీతల ఫలితమేమి? మన రాష్ట్రపటమును తెఱచినచో జహీరాబాదు పడమటి అంచున, ఒక మూల, వేలాడుచున్నట్లు కనబడును. దానికి ఆవల తెల్లకాగితము. ఆ తెల్లనిదానిలో, తిన్నగా కొలిచినచో 30 కిలోమీటర్ల లోపుననే, బీదరు కోట కలదు. ఒకే యెఱ్ఱనేల, కన్నడము తెలుగు మరాఠీ దక్కనీ కలిసి పలుకు సంతలు, రెండు వైపుల వియ్యములు, ఇవన్నియు ఆ తెల్లదనములోనికి సాగియున్నవి. పటమును రెండు వ్రేళ్ల వెడల్పు జరిపినచో మూల నున్న ఊరు నడుమకు వచ్చును. కొందఱు పాలకులకు అంచుగా తోచినది, అచ్చటివారికి నడిబొడ్డు.

మూడవది, దూరమునుండి చూచువాని బాధ్యత. 2011 నాటి జాతీయ తయారీ విధానము ననుసరించి న్యాల్కల్, ఝరాసంగం మండలములలో నొక గొప్ప పారిశ్రామిక మండలమును ఉద్దేశించిరి. సంకల్పించిన విస్తీర్ణము సుమారు 12,600 ఎకరములు. గ్రామములు 17. ఎకరములను కిలోమీటర్లుగా మార్చినచో సుమారు 51 చదరపు కిలోమీటర్లగును. 56వ సంఖ్య పెద్దరేకున ఇది అర చదరపు సెంటిమీటరు మాత్రమే, అనగా చిటికెనవ్రేలి గోరంత. 56 జి లోని చిన్నరేకుల కొలతకు తెచ్చినచో 200 చదరపు సెంటిమీటర్లకు పైగా నగును, అనగా విప్పిన అరచేయికంటె పెద్దది. గ్రామపటమునకు దిగినచో అది వేలకొలది గట్లు, బావులు, చింతచెట్లు. పరిశ్రమ రావలెనా వలదా యను వాదమున నేను ప్రవేశింపను. గోరంతగా చూచినపుడు ఉద్యోగములు, రహదారులు, దేశపు ఉత్పత్తి కనబడును. అదియు సత్యమే. గట్టుమీద నిలిచి చూచినపుడు ఒక కుటుంబపు అన్నము కనబడును. అదియు సత్యమే. ఒక దూరముననే నిలిచి తీర్పు చెప్పువాడు రెండవ సత్యమును ఎఱుగక తీర్పు చెప్పుచున్నాడు.

ఎంత దగ్గరకు తెచ్చినను పటమున దొరకనివి కూడ కలవు. జహీరాబాదు చెంత పస్తాపూరు కేంద్రముగా 1983 నుండి పనిచేయుచు వచ్చిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని స్త్రీల సంఘములవారు ఒకే చేనిలో జొన్న, కంది, కొఱ్ఱ మొదలగు పలు పంటలను కలిపి వేయుటకు, విత్తనములను ఇంటనే దాచుకొనుటకు పేరుపొందిరి. 2019లో వారికి ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటర్ బహుమానము లభించెను. ఉపగ్రహచిత్రమున వారి చేను ఒక పచ్చని మచ్చ. దానిని తెరనిండ పెంచినను అందు ఎన్ని గింజలున్నవో, ఏ గింజ ఏ కరవునకు నిలుచునో తెలియదు. దానిని ఆ చేని యజమానురాలిని అడిగియే తెలిసికొనవలెను. ఆ సంఘముల స్త్రీలే 2008లో మాచునూరునందు సంఘం రేడియో అను నాకాశవాణిని నెలకొల్పి తమ మాటను తామే వినిపించుకొనిరి. మెకంజీనాటి కైఫీయతులకు వలెనే, గీత చెప్పలేనిదానిని చెప్పుటకు నేడును మాట కావలసివచ్చెను.

కాబట్టి, శ్రోతలారా, పటమును తెఱచినపుడు మూడు ప్రశ్నలు వేసికొనుట మంచిది. దీనిని ఎవరు, ఏ దూరమునుండి కొలిచిరి? దీని అంచునకు ఆవల నేమున్నది? ఇందు కనబడని దానిని ఎవరి నడుగవలెను? మొదటి ప్రశ్నకు జూమ్ కొంత సమాధానము చెప్పును. రెండవదానికి పాన్ కొంత చెప్పును. మూడవదానికి మాత్రము వ్రేళ్లు చాలవు, లేచి ఆ యూరికి పోవలెను.